గోడ మీద ఐదు మంగళవారాలు

నాలుగింటికి పిలుస్తామన్నారు. నాలుగూ పది అయింది. పిలవరు, తెలుసు. పై అంతస్తులో మీటింగు హాలు తలుపుకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్న ప్రొబేషన్ ఆఫీసరుకి, ముప్పై ఏళ్ల నౌకరీలో పెద్దవాళ్లు అన్న టైముకి పిలిచిన గుర్తు ఒక్కటీ లేదు, అయినా తను మాత్రం మూడూ నలభైకే వచ్చి కూర్చున్నాడు, కొందరికి ఈత రానట్టు ఆయనకి ఆలస్యంగా రావడం రాదు. ఒళ్లో సంచి. సంచిలో రెండు కాగితాలు, ఒకటి లావుది, ఒకటి పల్చటిది. లావుది నలభై పేజీలు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘దారి’, అంతే, లోపలి కమిటీ కార్యదర్శి దానికి ముందో నాలుగు మాటలు, వెనక మూడు మాటలు తగిలించి పెళ్లికొడుకులా ముస్తాబు చేశాడు. తప్పు చేసి కోర్టుకెక్కిన పిల్లల్ని నాలుగు గోడల మధ్య పడేయకుండా ఇంటి దగ్గరే ఉంచి ఎలా కనిపెట్టుకోవాలి, వాళ్లు మళ్లీ ఇంకొకరి జోలికి పోకుండా ఎలా చూసుకోవాలి, దెబ్బ తిన్నవాళ్లకి ఏం సమాధానం చెప్పాలి, అదంతా అందులో ఉంది. పల్చటిది ఒకే ఒక్క పేజీ. పదహారేళ్ల ఆడపిల్ల వరసగా మూడు మంగళవారాలు సంతకానికి రాలేదు గనక ఆమెని హోముకి పంపడం మంచిదని కోర్టుకి చెప్పే రిపోర్టు. ఇవాళ ఐదింటి లోపల కింద కిటికీలో ఇవ్వాలి, ఐదింటికి కోర్టుకి వెళ్లే కాగితాల సంచీ కట్టేస్తారు. లావు కాగితం నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది, పిల్ల ఇంటికి వెళ్లి చూడకుండా ఏ ఆఫీసరూ అలాంటి రిపోర్టు పంపకూడదని. లోపల కూర్చున్నవాళ్లు ఆ వాక్యాన్ని ఇవాళే, ఐదింటి లోపలే సరేనంటే, పల్చటి కాగితాన్ని చింపి పారేయొచ్చు. అనకపోతే ఇచ్చి తీరాలి. నలభై పేజీలు కలిసి ఒక్క పేజీని ఆపగలవా అని చూస్తూ కూర్చున్నాడు.

తలుపు పక్కన స్టూలు మీద బంట్రోతు ఒక కన్ను మూసి, ఒక కన్నుతో కాపలా కాస్తున్నాడు. లోపలి నుంచి కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో గట్టిగా నవ్విన చప్పుడు, మళ్లీ ఏమీ లేదు. గోడ గడియారం సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర ప్రతిసారీ కాస్త తడబడి, మోకాలు నొప్పి ఉన్న మనిషి మెట్టెక్కినట్టు ఎక్కుతోంది.

“లోపలికి టీ వెళ్లిందా?” అని అడిగాడు ఆయన.

“రెండుసార్లు వెళ్లింది సార్. మూడోది వెళ్తే మిమ్మల్ని పిలుస్తారు.”

“టీ వెంట నేనా?”

“టీయే నయం సార్. చల్లారిందంటే వేడి చేసి తెమ్మంటారు,” అని రెండో కన్ను కూడా మూశాడు.

నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఎండిపోయింది. చల్లారినవాళ్లని ఎవరు వేడి చేస్తారు. చొక్కా జేబులో ఫోటో గుండెకి గుచ్చుకుంటోంది, గట్టి అట్టకి అంటించిన ఫోటో, మూలలు వంగవు, పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే భార్య చూసింది, ఏమిటది అని అడగలేదు, ఏమిటో ఆమెకి తెలుసు, “ఇవాళైనా చూపిస్తారా, లేక జేబుకి మళ్లీ చిల్లు పెట్టుకొస్తారా?” అంది. నాలుగేళ్లుగా అది ఎన్ని చొక్కాల జేబులు చింపిందో, ఆమె ఎన్నిసార్లు కుట్టిందో. కుట్టేటప్పుడు ఒక్క మాటా అనదు. అనకపోవడంలో ఆమెని మించినవాళ్లు లేరు.

ఈ మెట్లు దిగితే కింద వసారాలో కిటికీ. చెక్క తలుపుల కిటికీ, లోపల గుమాస్తా, గుమాస్తా ముందు రిజిస్టరు, రిజిస్టరు పక్కన దారం కట్టిన పెన్ను, పిల్లలు ఎత్తుకుపోతారని కట్టిన దారం, దొంగతనం కేసుల పిల్లలు ఆ దారాన్ని చూసి ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. ప్రతి మంగళవారం తొమ్మిది నుంచి ఐదు లోపల వచ్చి సంతకం పెట్టాలి. తేదీ, వారం, టైము, సంతకం, నాలుగు గడులు. ఆ గడులు గీయించింది ఆయనే, కొత్తగా వచ్చినప్పుడు, అంతకుముందు చిత్తుకాగితాల మీద రాసుకునేవాళ్లు. రిజిస్టరు చూసి మురిసిపోయేవాడు ఆ రోజుల్లో. ఒక్క గడి ఖాళీ లేకుండా నిండిన పేజీని చూస్తే, ఆ పిల్లలంతా దారికొచ్చారనే అనిపించేది. సంతకం పెట్టి వీధి మలుపు తిరిగి ఏం చేస్తున్నారో పేజీ చెప్పదు. ఎందుకు చెబుతుంది, ఎవరు అడిగారు గనక. ఐదింటికి కిటికీ మూస్తారు, ఐదూ ఐదుకి ఆయన బస్సు, ఐదున్నరకి ఇంట్లో దేవుడి ముందు కూర్చోవాలి. ముప్పై ఏళ్లుగా తప్పలేదు, జ్వరంలో తప్పలేదు, కూతురు పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో ఒక మూల కూర్చుని మరీ కళ్లు మూసుకున్నాడు. అప్పట్లో భార్య వేళాకోళం చేసేది, “ఆ దేవుడిక్కూడా ఓ కిటికీ ఉందా ఏమిటండీ, ఐదున్నరకి మూసేయడానికి?” అని. ఛ, అలా అనకూడదని కోప్పడేవాడు. ఇప్పుడు ఆమె అనడం లేదు. ఇప్పుడు ఆ మాట కళ్లు మూసుకున్న ప్రతిసారీ ఆయనే అనుకుంటున్నాడు.

పిచ్చిక. అందరూ వాణ్ణి అలాగే పిలిచేవాళ్లు, వాళ్ల అమ్మమ్మతో సహా. పదహారేళ్లవాడు పన్నెండేళ్లవాడిలా ఉండేవాడు, కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు నేలకి ఆనేవి కావు, నేరం మాత్రం పెద్దమనిషిది, స్కూటరు వెనక కూర్చుని రోడ్డు మీద నడిచిపోతున్న ఒక టీచరమ్మ సంచీ లాగాడు, ఆమె సంచీతో పాటు పడింది, కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. స్కూటరు తోలినవాడు దొరకలేదు, పిచ్చిక దొరికాడు. కోర్టు వాణ్ణి ఈయనకి అప్పజెప్పింది, రెండు షరతులతో, ఒకటి ఏదో ఒక పనిలో కుదురుగా ఉండాలి, రెండు మంగళవారం సంతకం తప్పకూడదు. టీచరమ్మ కట్టుతో ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఆయన గదికి వచ్చింది. “వాణ్ణి ఒక్కసారి నా ఎదురుగా కూర్చోబెట్టండి. కొట్టను, తిట్టను. రాత్రిళ్లు వెనక బండి చప్పుడైతే నాకు మెలకువ వచ్చేస్తోంది. నా వెనక రావాలని వాడికి ఎందుకు తోచిందో అడగాలి, అంతే,” అంది. కుదరదమ్మా అన్నాడు ఆయన. ఎందుకు కుదరదో ఆమె అడిగింది. అలాంటి పద్ధతి లేదన్నాడు. ఆమె లేచి, “మీకు గడి లేదన్నమాట,” అంది, టీచరమ్మ గదా, గడులంటే ఏమిటో తెలుసు. ఆ మాట ఇప్పుడు ‘దారి’లో పదకొండో పేజీ అయింది, దెబ్బ తిన్న మనిషీ దెబ్బ కొట్టిన పిల్లా ఇష్టపడితే ఎదురెదురుగా కూర్చోవడానికి ఒక గది, ఒక మధ్యమనిషి. ఆ అమ్మ ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో. చప్పుడైతే ఇంకా లేస్తోందేమో.

పుస్తకాలు కుట్టే అచ్చాఫీసులో పిచ్చికకి పని దొరికింది. ఆ వార్త చెప్పడానికి వాడే వచ్చాడు, చేతులకి జిగురు, చెవి మీద పెన్సిలు, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. “సార్, గీతలు గీయడం నేర్పారు సార్, స్కేలు లేకుండా కూడా గీస్తా,” అన్నాడు. మంచిది, సంతకం మాత్రం తప్పకు అన్నాడు ఆయన. తప్పను సార్ అన్నాడు. అచ్చాఫీసు ఎన్నింటికి వదులుతారు అని అడిగి ఉంటే. అడగడానికి ఎంతసేపు పడుతుంది, మూడు మాటలు, ‘ఎన్నింటికి వదులుతార్రా నిన్ను’. ఐదింటికి వదిలేవాళ్లు. అక్కణ్ణుంచి ఇక్కడికి పరిగెత్తితే పది నిమిషాలు.

ఒక మంగళవారం గడి ఖాళీ. రెండోది ఖాళీ. మూడో ఖాళీకే రిపోర్టు పంపాలి, రూలు అదే, ఆయన పంపలేదు, ఐదు దాకా ఓపిక పట్టాడు, ఆ ఓపికకి లోపల లోపల తన్ను తనే మెచ్చుకున్నాడు, దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతి కూడా కాస్త గుర్తు చేసుకున్నాడేమో, ఏమో, గుర్తు చేసుకునే ఉంటాడు. కబురంపాడా, లేదు. ఇంటికి వెళ్లాడా, లేదు. కిటికీ పక్కన సున్నపు గోడ నిండా పిల్లల పిచ్చిరాతలు, బాణం గుచ్చుకున్న హృదయాలు, బూతులు, గుమాస్తా ముక్కుని సొరకాయంత చేసి వేసిన బొమ్మ. గుమాస్తాకి ఆ ముక్కు మీద మహా కోపం. “ఆ పిచ్చికగాడి చెవి మీద ఎప్పుడూ పెన్సిలుంటుంది సార్, వాడి పనే,” అన్నాడు. గోడకి ఫోటో తీయించాడు ఆయన. రిపోర్టులో ఐదు గైర్హాజర్ల కింద ఇంకో మాట చేర్చాడు, చక్కటి రాతలో, ‘ఆఫీసు గోడను పాడుచేసినట్టు తెలిసింది, ఫోటో జతపరచడమైనది’. తన దగ్గరి నకలుకి ఇంకో ఫోటో అట్టకి అంటించి పెట్టుకున్నాడు, ఫైలు నిండుగా ఉండాలి గదా. గోడకి సగం ఎత్తు దాకా లేతాకుపచ్చ నూనె రంగు వేయించమని సిఫారసు కూడా చేశాడు, నూనె రంగు మీద పెన్సిలు పడదు. ఆ ఏడు ఆయన సిఫారసుల్లో పైవాళ్లు వారంలో ఒప్పుకున్నది అదొక్కటే.

పిచ్చికని ఏడాదిన్నరకి హోముకి పంపారు. పంపిన నాలుగో రోజున అమ్మమ్మ వచ్చింది. ఏడవలేదు, అరవలేదు, వసారాలో గోడ ముందు నిలబడి అరచెయ్యి ఆనించి చూసింది, రంగు ఇంకా ఆరలేదు, చెయ్యంతా ఆకుపచ్చ.

“ఇక్కడే రాశానన్నాడు నాయనా,” అంది.

“ఏం రాశాడమ్మా?”

“సంతకం. కిటికీ మూసేస్తే ఏం చేస్తాడు మరి? గోడ మీద పెట్టొచ్చానమ్మమ్మా, సారు పొద్దున్నే వచ్చి చూసుకుంటారులే అన్నాడు. ప్రతి వారం అదే చెప్పాడు. నువ్వు చూసుకోలేదా?”

ఆ రోజు ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, ఫైల్లోంచి ఫోటో తీసి, భూతద్దం పెట్టి చూశాడు. సొరకాయ ముక్కుకి కింద, కుడివైపు, నేలకి రెండడుగుల ఎత్తున, కాళ్లు ముడుచుకుని కూర్చుంటే చెయ్యి ఆనేచోట, నీలం పెన్సిలు. గడులు గీసి ఉన్నాయి. స్కేలు లేకుండా గీసిన నాలుగు గడులు, రిజిస్టర్లో ఉన్నట్టే, తేదీ, వారం, టైము, సంతకం. ఐదు వరసలు. మంగళ, ఐదూ పది. మంగళ, ఐదూ పన్నెండు. మంగళ, ఐదూ పది. మంగళ, ఐదూ ఇరవై, ఆ రోజు వానేమో, సంతకం కాస్త అలుక్కుపోయింది. మంగళ, ఐదూ తొమ్మిది. ఐదూ తొమ్మిది, ఆ రోజు వాడు ఇంకా ఎంత గట్టిగా పరిగెత్తాడో. ఆ ఐదు సాయంత్రాలూ ఆ నిమిషానికి ఆయన బస్సులో ఉన్నాడు, కిటికీ పక్క సీట్లో, దేవుడి దగ్గరికి వేళకి చేరుకోవాలని. వాడు వచ్చాడనడానికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తనే ఫోటో తీయించి, తనే జిగురు రాసి అంటించి, వాడు రాలేదనే కాగితానికి జతపరిచాడు. జడ్జిగారు కూడా చూశారు ఆ ఫోటో. చూసి, గోడలు కూడా పాడుచేస్తున్నాడా అన్నారు.

అప్పుడే వెళ్లి చెప్పి ఉంటే. పై కోర్టుకి రాయొచ్చు, రాయడానికి ఒక పద్ధతి ఉంది, రాస్తే ముందు తన రిపోర్టు తప్పని రాయాలి. ముప్పై ఏళ్లలో ఆయన రిపోర్టులో ఎవరూ తప్పు పట్టలేదు, కొత్తగా వచ్చేవాళ్లకి ఆయన రిపోర్టులే చూపించి ఇలా రాయమంటారు. రేపు రాద్దాం అనుకున్నాడు. పండగలొచ్చాయి, సెలవులొచ్చాయి, పైఆఫీసరు మారాడు. ఏడాదిన్నర ఎంతసేపు, గిర్రున తిరిగింది. పిచ్చిక హోము నుంచి వచ్చేటప్పటికి బారెడు పొడవు పెరిగాడు, మెడ మీద ఎవరో కాల్చిన మచ్చ, చెవి మీద పెన్సిలు లేదు. అచ్చాఫీసు వాళ్లు వేరేవాణ్ణి పెట్టుకున్నారు. హోములో వాడికి స్నేహాలు దొరికాయి, స్కూటరు తోలేవాళ్లు కాదు, తాళాలు విరగ్గొట్టేవాళ్లు. ఆరు నెలలు తిరక్కుండా ఒక గిడ్డంగి దగ్గర అడ్డొచ్చిన వాచ్‌మన్ని ఇనప కడ్డీతో కొట్టాడు. వాచ్‌మన్‌కి ఎడమకన్ను పోయింది. పిచ్చిక ఇప్పుడు పెద్దవాళ్ల జైల్లో ఉన్నాడు, అక్కడ ఎవరూ వాణ్ణి పిచ్చిక అనరు. వాచ్‌మన్ భార్య వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. “మీ దగ్గర సంతకాలు పెట్టిన పిల్లాడేగా అన్నా, మరి మీరు కనిపెట్టుకోలేదా?” అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు, పక్కింటివాళ్లని మా మేకని చూశారా అని అడిగినట్టు అడిగింది. చూశామమ్మా, చూశాం, ఫోటో కూడా తీశాం. జనం క్షేమం కోసమే ఆ పిల్లాణ్ణి లోపల వేయమని రాశాడు ఆయన, ఆ మాటే వాడాడు, ‘పౌరుల భద్రత దృష్ట్యా’. ఏ పౌరుడి భద్రత? వాచ్‌మన్ ఎవరు మరి?

ఆ రోజు నుంచి దేవుడి ముందు కూర్చుంటే ప్రార్థన రాదు, లెక్క వస్తుంది. నేను వేళకి వచ్చాను, వాడు వేళ తప్పి వచ్చాడు, నువ్వు ఎవరిది రాసుకున్నావు స్వామీ? దేవుడు జవాబు చెప్పడు. చెప్పకపోవడం సరే, కానీ వింటున్నాడా, లేక ఆయన దగ్గర కూడా ఎవరైనా గుమాస్తా కూర్చుని, వేళ తప్పినవాళ్లని రేపు రమ్మంటున్నాడా. ఇలా అనుకోవడం పాపమేమో. పాపమైతే అదీ రాసుకోమను.

అందుకే ‘దారి’. కిటికీ రాత్రి ఏడింటి దాకా తెరిచి ఉండాలి. పిల్లలు ఆఫీసుకి రావడం కాదు, ఆఫీసే పిల్లల దగ్గరికి, బడికి, పని చేసేచోటికి వెళ్లాలి. ఒక్కో ఆఫీసరుకి ఇరవై మంది పిల్లలు, నూట ఇరవై కాదు. ఒకసారి రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవడం మొదటి పని, రాయడం చివరి పని. రాసుకుంటూ పోతే నలభై పేజీలైంది, ఈ రెండు నెలలూ పొద్దున్నా సాయంత్రం అదే పని, అన్నం దగ్గర కూడా కాగితాలే, భార్య కంచం పక్కన చోటు చేసి పెట్టేది. మొన్న ఆదివారం ఆమె ఊరికే అడిగింది, “ఇప్పుడు మీ చేతి కింద ఉన్న పిల్లల్ని ఎవరు చూస్తున్నారండీ?” అని. ఆయన ముద్ద మింగాడు. నిన్న సోమవారం రిజిస్టరు తెప్పించి చూస్తే ఈ ఆడపిల్ల గడులు, మూడు ఖాళీలు. నలభై ఏడో నంబరు కేసు. బస్టాండులో సెల్‌ఫోన్లు కొట్టేసే పెద్దవాళ్లకి సాయం చేసింది, ఇదే మొదటిసారి. తల్లి లేదు, తండ్రి ఉన్నాడో లేడో తండ్రికే తెలియదు, పిన్ని దగ్గర ఉంటోంది. మొదటి రోజు పావుగంట మాట్లాడాడు, ఆ తర్వాత చూడలేదు. మొహం గుర్తు తెచ్చుకుంటే రావడం లేదు. జడ ఉందా? నల్లగా ఉంటుందా? ప్రతి సాయంత్రం బస్సుకి వెళ్తూ గోడ కింద వంగి చూస్తాడు, ఎవరైనా ఏమైనా రాశారేమోనని, ఏమీ ఉండదు, ఎలా ఉంటుంది, లేతాకుపచ్చ గోడ అద్దంలా మెరుస్తూ ఉంటుంది, పెన్సిలు పడదు. ఆ పిల్ల వచ్చిందో రాలేదో చెప్పడానికి ఈసారి గోడ కూడా లేదు. ఇంటికి వెళ్లి చూడకుండా రిపోర్టు రాయకూడదని రాసే తొందరలో, ఇంటికి వెళ్లి చూడకుండా రిపోర్టు రాశాడు.

మూడో టీ వెళ్లింది. బంట్రోతు కన్ను తెరిచి, “నే చెప్పలా!” అన్నాడు. నాలుగూ ముప్పై ఎనిమిది.

లోపల చల్లగా ఉంది. పొడుగుబల్ల, చివర్న అధ్యక్షుడు, రిటైరైన జడ్జి, మంచివాడే, అందరూ మంచివాళ్లే, అదే బాధ. కూర్చోండి కూర్చోండి అన్నారు. “మొత్తం చదివానండీ. బ్రహ్మాండం. ఇలాంటిది మనకి ఇరవై ఏళ్ల కిందే ఉండాల్సింది,” అన్నారు అధ్యక్షుడు. గుండె కొంచెం లేచింది. ఒకటి రెండు చిన్న సవరణలు అన్నారు. సాయంత్రం ఏడింటి దాకా కిటికీ అంటే దీపాలు, కాపలా, మనుషులు.

“ఎవరుంటారండీ ఏడింటి దాకా?”

“నేనుంటాను సార్.”

అందరూ నవ్వారు, వెటకారంగా కాదు, ఆప్యాయంగానే. “మీరు వచ్చే ఏడు రిటైరవుతున్నారు కదా మాస్టారూ,” అన్నాడు కార్యదర్శి, సాయంత్రం వేళలు కొట్టేశాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టడం రెండో విడతలో చూద్దామన్నారు. ఇంటికి వెళ్లి చూడకుండా రిపోర్టు పంపకూడదన్న వాక్యం దగ్గర అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, “ఇది చాలా గొప్ప వాక్యం. ‘వీలైనంత వరకు’ అని ఒక్క మాట చేరిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు,” అన్నారు. చేర్చారు. ఎప్పటి నుంచి సార్ అని అడిగాడు ఆయన. వచ్చే సంవత్సరం నుంచి, కొత్త కేసులకి, పాతవి పాత పద్ధతిలోనే నడుస్తాయి. అప్పుడు జేబులోంచి ఫోటో తీశాడు. బల్ల మీద పెట్టి, “ఇది చూడండి సార్, ఇది నేను చేసిన…” అన్నాడు, మంచినీళ్ల గ్లాసు అందుకునేలోపల ఫోటో చేతులు మారింది. “ఓ, మన కింద వసారా గోడ కదూ! ఎంత రోతగా ఉండేదో. ఇప్పుడు చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. నూనె రంగు మీ సలహాయేనట, మెచ్చుకోవాలి,” అన్నారు అధ్యక్షుడు. చివర కూర్చున్న డాక్టరమ్మ ఒక్కతే ఫోటోని దగ్గరికి తీసుకుని, “ఈ మూల ఇవేమిటి, తేదీల్లా ఉన్నాయే?” అంది. ఆమె ఇంకా చూస్తుండగానే కార్యదర్శి ట్రే జరపడానికి ఫోటో అందుకుని, మర్యాదగా ఆయన చేతిలో పెట్టేశాడు. చప్పట్లు కొట్టారు. సరిగ్గా పదిహేను నిమిషాలు. ఆ తేదీలేమిటో ఆయన చెప్పలేదు. చెప్పొచ్చు, నోరుంది, ఆమె అడిగింది కూడా. చప్పట్ల మధ్యలో దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు.

మెట్లు దిగుతూ లెక్కపెట్టాడు, ఇరవై రెండు మెట్లు, పన్నెండో మెట్టు మీద ఆగాడు. కింద వసారాలో గడియారం నాలుగూ యాభై ఏడు. కిటికీ తెరిచే ఉంది. గుమాస్తా లక్క కరిగిస్తున్నాడు, కోర్టు సంచీకి ముద్ర వేయడానికి, ఆ వాసన మెట్ల దాకా వస్తోంది. నాలుగూ యాభై ఎనిమిది. కాళ్లు వాటంతటవే దిగబోయాయి, ముప్పై ఏళ్ల కాళ్లు, రెయిలింగు పట్టుకుని వాటిని ఆపాడు. వాడు ఇంత దూరం పరిగెత్తుకొచ్చి కిటికీ మూసి ఉండగా చూశాడు, నేను తెరిచి ఉండగా నిలబడి చూస్తున్నాను. నాలుగూ యాభై తొమ్మిది. ఐదు. తలుపులు పడ్డ చప్పుడు. గడియ పెట్టిన చప్పుడు. అయిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన ఒకచోటికి ఆలస్యంగా చేరుకున్నాడు, పది మెట్లు దిగి, మూసిన కిటికీ ముందు నిలబడ్డాడు. రేపటి సంచీ దాకా, ఒక్క రోజు. ఒక రాత్రి, ఒక పొద్దు.

లోపల గడియ కదిలింది. కిటికీ తెరుచుకుంది.

“మీరా సార్! అడుగుల చప్పుడు విని మీరే అనుకున్నా. ఇవ్వండి, ఇవ్వండి, లక్క ఇంకా ఆరలేదు,” అని గుమాస్తా చెయ్యి చాపాడు, నవ్వు మొహం, నిజమైన నవ్వే.

ఆయన ఆ చేతిని చూశాడు. చాపిన చెయ్యి, తెరిచిన కిటికీ, ఐదూ ఒకటి.

“ఐదు దాటాక కూడా తెరుస్తావా?”

“మీకు తెరవకపోతే ఇంకెవరికి తెరుస్తాను సార్? ఎన్నేళ్ల పరిచయం! ఏది, ఆ నలభై ఏడు పిల్లదేనా రిపోర్టు? పంపేయండి సార్, దాని గోల పడలేకపోతున్నా. ప్రతి మంగళవారం ఐదుంబావుకి తయారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే దగ్గర చేరిందట, అక్కడ వదిలేసరికి ఐదు. తడిచేతులతో తలుపు కొడుతుంది, చూడండి, చెక్క ఎలా ఉబ్బిందో.”

“వస్తోందా? నాతో ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదుగా సార్.” గుమాస్తాకి నిజంగానే ఆశ్చర్యం. “అయినా ఒకసారి తెరిస్తే అలవాటైపోరూ? ఆ పిచ్చికగాడు అంతే కదా, కొట్టీ కొట్టీ ప్రాణం తీసేవాడు. రూలు రూలే కదా.”

“నాకు తెరిచావు.”

“భలేవారే! మీరూ వాళ్లూ ఒకటా సార్?”

కాదు. ఒకటి కాదు. ఇన్నాళ్లూ ఈ కిటికీ ఐదు దాటాక తెరుచుకోగలిగేదే, గడియ వేలెడంత కూడా లేదు, ఒక్క వేలితో తీయొచ్చు. రూలు ఇనపదనుకున్నాడు, గోడ లాంటిదనుకున్నాడు, దాన్ని దాటించడానికి నలభై పేజీల నిచ్చెన వేశాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, ఎవర్ని తిట్టాలో తేలలేదు, గుమాస్తా ఆయన రిజిస్టరునే కాపలా కాశాడు, ఆయన గీయించిన గడులనే.

“ఐదు దాటింది,” అన్నాడు చివరికి. “నా కాగితం తీసుకోకు. ఇవాళ నేను రాలేదని రాసుకో.”

గుమాస్తా నవ్వబోయి మానేశాడు. “ఒంట్లో బాగాలేదా సార్?”

“కిటికీ మూసుకో. తాళాలూ రిజిస్టరూ బల్ల మీద పెట్టి వెళ్లు.”

ఇవాళా మంగళవారమే. పిల్లల కోసం వేసిన పొట్టి బెంచీ మీద కూర్చున్నాడు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా. బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఇంట్లో దేవుడు ఎదురు చూస్తాడో, హాజరు వేయడో, ఆయన ఇష్టం. పక్కన లేతాకుపచ్చ గోడ, అందులో ఆయన మొహం మసగ్గా కనిపిస్తోంది, ఎవరి గీతా పడనివ్వని గోడ. ఐదూ పది. ఐదూ పన్నెండు. ఈ నిమిషాలు ఇంత పొడుగ్గా ఉంటాయని ఆయనకి తెలియదు.

ఐదూ పదహారుకి వీధి తలుపు దగ్గర ఎవరో ఆగారు. వెలుతురు వెనక నుంచి పడుతోంది, మొహం తెలియడం లేదు, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, నీళ్లలో నాని తెల్లబోయి ముడతలు పడ్డ వేళ్లు. ఎప్పుడూ ఎవరూ ఉండని వేళలో బెంచీ మీద పెద్ద ఆఫీసరు కూర్చుని ఉండడం చూసి ఆ పిల్ల మొహంలో ఏం కదిలిందో కనిపించలేదు గాని కాలు వెనక్కి పడడం కనిపించింది. పట్టుకోవడానికే కూర్చున్నాడనుకుంది. ఇంకేం అనుకుంటుంది, ఇంతవరకు ఆయన ఇంకెందుకు కూర్చున్నాడు గనక. రా అమ్మా అనబోయాడు. ఆ మాట పోలీసులు కూడా అంటారు. పేరు పెట్టి పిలవాలి, పేరు పెట్టి పిలిస్తే ఆగుతుంది, పేరు, ఏమిటి పేరు, నలభై ఏడు, నలభై ఏడు తప్ప నాలిక మీదికి ఏమీ రావడం లేదు. ఆ పిల్ల ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు, నలభై పేజీలు అడ్డొచ్చాయి, వాటిని లాగి నేల మీద పడేసి, వాటి కింద నుంచి ఆ పల్చటి కాగితం తీసి, విప్పాడు, ఆమె పేరు అందులో ఒక్కచోటే ఉంది.